వారానికి ఆరు గుత్రాలు

మొన్న శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకి కువైట్లో, మహబూలాలోని మా ఫ్లాట్లో నా ముందు ఉన్నవి ఇవి: ఒక గళ్ళ నోటుపుస్తకం, నల్ల పెన్ను, స్కేలు, సగం తాగిన టీ, స్పీకరులో పెట్టిన ఫోను. ఫోనులో అమెరికా నుంచి మా చెల్లి, అంటే పిన్ని కూతురు. ఆమె వెనక వంటింట్లో గిన్నెలు కడుగుతూ పిన్ని. ఇటువైపు నేను కాక, పదేళ్ళు దాటి నాతో గది పంచుకుంటున్న రాయచోటి భాయ్, ఆయన చేతిలో ఒలుస్తున్న దానిమ్మకాయ. చెల్లికి అక్కడ పొద్దున ఎనిమిది. రాత్రి డ్యూటీ దిగి, పడుకోబోయే ముందు నాకొక పని అప్పగించింది. ఆమె పనిచేసే ఆసుపత్రిలోకి మన వైపు నుంచి కొత్తగా తొమ్మిదిమంది నర్సులు వచ్చారట. వాళ్ళతో అరగంట మాట్లాడమని చెల్లిని అడిగారట. విషయం కూడా వాళ్ళే ఇచ్చారు: అమెరికాలో పైకి రావాలంటే కావలసింది సొంత కష్టమా, అయినవాళ్ళ అండా.

"నువ్వు లిస్టులు బాగా రాస్తావు కదన్నయ్యా. రెండు వరసలు గీసి పాయింట్లు పెట్టు. చివర్లో కష్టమే గెలవాలి," అంది.

"ముందే గెలిపించేశాక లిస్టెందుకు?"

"లిస్టుంటే నమ్ముతారు."

పేజీ మధ్యలో నిలువుగా గీత గీశాను. ఎడమవైపు కష్టం, కుడివైపు అండ. ఎడమవైపు పదకొండు పాయింట్లు పది నిమిషాల్లో వచ్చాయి. అన్నీ చెల్లి జీవితంలోంచి తీసినవే. భీమవరంలో ఒక చిన్న నర్సింగ్ హోములో ఆరేళ్ళు రెండేసి షిఫ్టులు చేసింది. అమెరికా నర్సు పరీక్ష మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కింది. వెళ్ళిన మొదటి చలికాలం బస్సు కోసం మంచులో నిలబడింది. కుడివైపు మాత్రం ఒక్క అక్షరం పడలేదు. ఆ తెల్ల కాగితం చూస్తూ ఉంటే నాకు ఒక తెల్ల గుత్రా గుర్తొచ్చింది.

పన్నెండేళ్ళ కిందట నేను అహ్మదిలో ఒక చిన్న సబ్ కాంట్రాక్టరు దగ్గర పైపుల మందం కొలిచే టెక్నీషియన్ని. ఆ కాంట్రాక్టు ముగిసింది. నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, ఇంకా ఆరు వారాలు ఉంది. ఈలోగా మరో కంపెనీ తీసుకుంటే సరే, లేకపోతే విమానం ఎక్కడమే. అప్పుడే అక్కడ ఒక అమెరికా కంపెనీ నా పనికే మనుషుల్ని తీసుకుంటోందని తెలిసింది. పోస్టులు ఆరు, రాతపరీక్ష రాసినవాళ్ళం నలభై ఒక్కరం. ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. చొక్కా చేతులు మడుచుకున్న అమెరికా మేనేజరు ఒకరు, రాసుకునే గుమాస్తా ఒకరు, మూలగా కూర్చున్న కువైటీ పెద్దమనిషి ఒకరు. ఆయన నెత్తిమీది తెల్ల గుత్రా, అదే వాళ్ళ తలగుడ్డ, నుదుటికి సరిగ్గా మధ్యలో మడత తేలి, పెంకుటింటి కొప్పులా నిటారుగా నిలబడి ఉంది. ఆ భయంలో కూడా దాని అంచు వంక చూశాను. మా కొలతపెట్టెతో వెతికినా అందులో వంకర దొరకదు. మేనేజరు నాలుగు ప్రశ్నలు అడిగి, ఇక్కడ మేం చూసేది పని ఒక్కటే అన్నాడు. కువైటీ పెద్దమనిషి నా కాగితాలు ఒకసారి తిప్పి "తమామ్" అన్నాడు, అంటే అంతా బాగుందని. వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది.

ఆ తరవాత ఏడేళ్ళు నేను భరించరాని మనిషిని. మా ఫ్రిజ్జు తలుపు మీద "పైకి రావడానికి ఏడు అలవాట్లు" అని లిస్టు రాసి అంటించాను. మొదటిది తెల్లవారుజామున లేవడం, ఏడోది ఎవరి సాయమూ అడక్కపోవడం. ఫ్లాట్లోకి కొత్తగా ఎవరొచ్చినా నిలబెట్టి చదివించేవాణ్ణి. సాల్మియాలో బిర్యానీ వండే భాయ్ మాత్రం నీళ్ళసీసా కోసం ఫ్రిజ్జు తెరిచినప్పుడల్లా ఆ కాగితం చూసి తల అడ్డంగా ఊపేవాడు.

"ఈడ వాస్తా లేకుంటే ఏ పనీ కాదు సామీ. ఎవురో ఒకరు, యాడనో ఒకచోట, నీ కోసం నోరు తెరిచింటారు. ఎనిమిదోది అది రాసుకో."

వాస్తా అంటే సిఫారసు. నాకు రోషం వచ్చేది. మాది అమెరికా కంపెనీ భాయ్, అక్కడ వాస్తా నడవదు అనేవాణ్ణి. నడవకుంటే మంచిదేలే అని ఆయన నీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు.

పిన్ని అప్పట్లో సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో పని చేసేది. చెల్లికి పదకొండేళ్ళప్పుడు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నాలు నేను వెళితే వెనకవైపు చిన్న గదిలో ఇస్త్రీ చేస్తూ కనపడేది. ఆ గదికి ఒక వాసన ఉండేది. గంజి, ఆవిరి, ముందుగదిలోంచి వచ్చే ఊదు ధూపం, వాటి అడుగున పిన్ని దాచుకుని తినే ఆవకాయ. నాకో ప్లేటులో అన్నం పెట్టి, ఇస్త్రీపెట్టె ఆపకుండానే మాట్లాడేది. "గంజి ఎక్కువైతే అట్టలాగుంటది, తక్కువైతే మద్దేళకి మడత పడిపోద్ది. చెయ్యి చెప్పాలి," అనేది. ఇంటి యజమానురాల్ని పిన్ని మామా అని పిలిచేది. ఆ మామా తమ్ముడు ఒకసారి అక్క ఇంట్లో గుత్రా ఇస్త్రీ చేయించుకున్నాడట, మళ్ళీ ఇంకెక్కడా చేయించుకోలేదు. పిన్ని వచ్చిన రెండో ఏడు నుంచి వారానికి ఆరు గుత్రాలు డ్రైవరు చేత అట్టపెట్టెలో వచ్చేవి. ఎండాకాలం తెల్లవి, చలికాలం ఎర్రగళ్ళవి. ఆ పెట్టెని నేను ఎన్నోసార్లు చూశాను. దాని మనిషిని చూసినట్టు నాకు తెలియదు.

అయిదేళ్ళ కిందట పిన్ని శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతున్నప్పుడు, మూత పడని ఆమె పెట్టె మీద నేను కూర్చున్నాను. పిన్ని తాడు బిగిస్తూ, "ఆ అయ్యగారి గుత్రాలు ఇంకెవరు చేత్తారో. నీ ఇంటర్వూకి కూడా నేను చేసిందే పెట్టుకొచ్చాడు," అంది. నేను లేచాను. పెట్టె మూత మళ్ళీ లేచింది.

"ఆయన మీ కంపెనీయే కదరా. పదహారేళ్ళల్లో మామాని ఒక్కటే అడిగాను. చెల్లి నర్సు పాసయ్యాక ఇక్కడ ఏదన్నా ఆసుపత్రిలో పెట్టించమందామని దాచుకున్నా. ఈలోగా నీ ఇఖామా అయిపోతందని ఏడుపు మొహంతో వచ్చావు, అది నీకోసం అడిగేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆ ఫ్రిజ్జు మీద కాయితం ఏం చేత్తావు?" అని, కాసేపటికి గొంతు తగ్గించి, "చెల్లికి చెప్పకు. అది కష్టపడి ఎళ్ళింది. ఆ మాట దానికి ఉండనీ," అంది. చెల్లి అంతకు ముందటేడే అమెరికా వెళ్ళింది.

ఆ వారమే ఆఫీసులో పాత ఫైలు తీసి చూశాను. రాతపరీక్షలో నాది తొమ్మిదో స్థానం. తీసుకున్నది ఆరుగురిని. ఇంటికి వచ్చి ఫ్రిజ్జు మీది లిస్టు పీకేశాను. ఆ పూట నా వంతు గిన్నెలు కూడా భాయే కడిగాడు.

"కుడివైపు ఒక్కటీ లేదా అన్నయ్యా?" అని ఫోనులో చెల్లి అడిగింది. భాయ్ దానిమ్మ ఒలవడం ఆపి నా వంక చూశాడు. పిన్నికి ఇచ్చిన మాట అయిదేళ్ళు మోశాను. ఆ తొమ్మిదిమంది ముందు ఆమె నిలబడి నా లిస్టు చదవబోతోంది. చెప్పేశాను. ఇంటర్వ్యూ, గుత్రా, తొమ్మిదో స్థానం, పిన్ని దాచుకున్న ఒక్క అడగడం, అన్నీ వరసగా.

అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది. ముందు పిన్ని గొంతే వినపడింది. "లిస్టులు రాసినంత బాగా నోరు మూసుకోవడం రాదురా నీకు."

చెల్లి, "అంటే ఆ ఏడాది నేను కువైట్ వచ్చేదాన్నా?" అంది.

"ఏమో. వచ్చేదానివేమో."

"శుక్రవారాలు అమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని."

ఆమె వంటింటి వైపు తిరిగింది. "అమ్మా, వారానికి ఎన్ని గుత్రాలు చేసేదానివి?"

"ఆరు. ఏం, ఇప్పుడెవరన్నా పంపేరా?"

నా ఇంటర్వ్యూ నాటికి ఎన్ని అయి ఉంటాయో లెక్కెయ్యమంది చెల్లి. ఎనిమిదేళ్ళు, నాలుగు వందల పదహారు వారాలు. అందులో పిన్ని ఇంటికి వెళ్ళిన రెండు సెలవులు ఎనిమిది, తొమ్మిది వారాలు తీసేశాను. ఆరుతో హెచ్చిస్తే రెండు వేల మూడు వందల తొంభై నాలుగు.

"ఇది ఎటు రాస్తావు? కష్టం వైపా, అండ వైపా?"

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. భాయ్ ఒలిచిన గింజల ప్లేటు నా వైపు జరిపాడు.

"సరే, అది వదిలెయ్. ఇంకో లెక్క చెయ్యి," అంది చెల్లి. "అమ్మ కువైట్ వెళ్ళిన రోజు నుంచి, పోయినేడు నేను ఇక్కడికి తెచ్చుకున్నదాకా ఇరవై ఏళ్ళు. అమ్మా నేనూ ఒక ఇంట్లో ఎన్ని రోజులున్నాం?"

సెలవులు మొత్తం నాలుగు. ఎనిమిది, తొమ్మిది, తరవాత ఏడు, ఆరు వారాలు. రెండు వందల పది రోజులు అన్నాను.

"పంతొమ్మిది తీసెయ్. రెండోసారి వచ్చినప్పుడు నేను పరీక్షలకి హాస్టల్లో ఉన్నాను." ఆ అంకె కోసం ఆమె తడుముకోలేదు.

పైపు ఏటా ఎంత అరిగిందో కొలవడం నా ఉద్యోగం. పైన రంగు ఎప్పటిలాగే మెరుస్తుంది, అరుగుదల లోపలివైపు నుంచి వస్తుంది. కాలం కూడా అలాగే తింటుందని, కొలిచిన రోజున గానీ తెలియదు. నిలువు గీత ఆగిపోయిన చోట, పేజీ అడుగున, స్కేలు పెట్టి అడ్డంగా ఇంకో గీత గీసి దాని కింద రాశాను.

నూట తొంభై ఒకటి.