ఆ శాంపిల్ నాదే

ఒక మంగళవారం పొద్దున వార్డులో ఒక పెద్దావిడను మంచం మీద పైకి జరుపుతుంటే నా కుడి గజ్జలో కలుక్కుమంది. బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి చూసుకుంటే ఉసిరికాయంత వాపు. నొక్కితే లోపలికి పోయింది, దగ్గితే మళ్లీ వచ్చింది. నర్సును కదా, హెర్నియా అని నాకు నేనే చెప్పేసుకున్నాను. అంతవరకు తప్పేమీ లేదు.

మాది నరసాపురం దగ్గర. అల్ ఖోబర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఆడవాళ్ల మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సును. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు, సౌదీకి వచ్చి ఐదేళ్లు. ఫైలులో ఒక్క సంతకం తప్పిపోయినా ఒంటికాలి మీద లేస్తానని వార్డులో నాకు పేరు.

సర్జన్ చూసి, "ఇంగ్వైనల్ హెర్నియా. చిన్న ఆపరేషనే. ముందు ఒక అల్ట్రాసౌండ్ చేద్దాం" అన్నారు. స్కాన్ చేసే ఆవిడ ప్రోబ్‌ను పొత్తికడుపు మీద చాలాసేపు తిప్పింది. తర్వాత మామూలుగా అడిగింది: "సిస్టర్, మీకు హిస్టరెక్టమీ, గర్భసంచి తీసే ఆపరేషన్ ఎప్పుడు అయింది?"

"నాకా? నాకింకా పెళ్లే కాలేదు" అన్నాను.

ఆమె మళ్లీ జెల్ రాసింది. "యూటరస్ కనపడటం లేదు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. నాకు నెలసరి ఎప్పుడూ రాలేదు. పదహారేళ్లప్పుడు అమ్మ డాక్టరుకు చూపించింది. ఆలస్యంగా వస్తుందిలే అని మాత్రలు రాశారు. ఏమీ జరగలేదు. అమ్మ నువ్వుల ఉండలు చేసి పెట్టింది, మొహం మొత్తేదాకా తిన్నాను. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నర్సింగ్ హాస్టల్లో తోటి అమ్మాయిలతో పాటు నేనూ ప్రతి నెలా ప్యాడ్లు కొనేదాన్ని, తీసుకెళ్లి ట్రంకుపెట్టెలో పడేసేదాన్ని. పరీక్షలో ప్రైమరీ అమెనోరియా, అంటే అసలు నెలసరే మొదలవకపోవడం మీద ఐదు మార్కుల ప్రశ్న వస్తే కారణాలన్నీ వరసగా రాశాను. అవి నా గురించి కూడా అని అనుకోలేదు. అనుకోదలచుకోలేదు.

సర్జన్ నన్ను ఎండోక్రైనాలజీకి పంపారు. డాక్టర్ హనాన్ ఈజిప్టు మనిషి, నింపాదిగా మాట్లాడుతుంది. హార్మోన్ టెస్టులు, కార్యోటైప్ అనే క్రోమోజోముల పరీక్ష రాసి, "రిజల్ట్ రాగానే నేనే పిలుస్తాను. మీరు సిస్టంలో చూసుకోవద్దు" అని గట్టిగా చెప్పింది.

రక్తం తీసింది స్వప్న. కరీంనగర్ అమ్మాయి, మా ల్యాబులో ఫ్లెబాటమిస్టు. మా హాస్టల్లోనే ఉంటుంది. నన్ను అక్కా అని పిలుస్తుంది. శుక్రవారాలు ఇద్దరం కలిసి వండుకునేవాళ్లం.

మూడు వారాల తర్వాత డాక్టర్ మాట కాదని నర్సింగ్ స్టేషన్‌లో నా ఫైల్ తెరిచాను. ఫార్టీ సిక్స్, ఎక్స్‌వై అని ఉంది. అంటే మగవాళ్ల క్రోమోజోములు.

నిజం చెబుతున్నాను, నాకు కోపం తప్ప ఇంకేం రాలేదు. మా పనిలో ఆడమనిషి ఫైలులో ఎక్స్‌వై వస్తే దానికి ఒకటే అర్థం, ట్యూబులు తారుమారయ్యాయని. ఇలాంటి పొరపాటు కంటబడితే మేం కంప్యూటర్‌లో ఓవీఆర్ అనే ఫిర్యాదు నింపాలి. పావుగంటలో నింపేశాను. "రాంగ్ శాంపిల్" అన్న గడిలో టిక్ పెట్టి, సంబంధిత ఉద్యోగి అన్నచోట స్వప్న పేరు రాశాను. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రూలు రూలే అనుకుని పంపేశాను.

మర్నాడు డాక్టర్ హనాన్ పిలిచింది. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది, నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.

"దీన్ని కంప్లీట్ ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ సిండ్రోమ్ అంటారు. మీ గజ్జలో ఉన్నవి టెస్టిస్, వృషణాలు. అవి టెస్టోస్టిరాన్ తయారుచేస్తున్నాయి. మీ శరీరానికి దాన్ని అందుకునే రిసెప్టర్లు పనిచేయవు. అందుకే పుట్టుక నుంచీ ఆడపిల్లలాగే ఎదిగారు."

"శాంపిల్ నాది కాదు డాక్టర్" అన్నాను.

"సరే, నా ముందే మళ్లీ తీయిస్తాను. కానీ మీ టెస్టోస్టిరాన్, మీ స్కాన్ కూడా ఇదే చెబుతున్నాయి."

"అయితే నేను ఆడా, మగా? ఒక్క మాటలో చెప్పండి."

"క్రోమోజోములు, గోనాడ్స్ అంటే అండాశయాలా వృషణాలా అన్నది, హార్మోన్లు, వాటికి శరీరం స్పందించే తీరు, పుట్టినప్పుడు పైకి కనపడేది, ఇవన్నీ చూస్తాం. చాలామందిలో అన్నీ ఒకే వైపు ఉంటాయి. మీలో లేవు. మనిషిగా అడిగితే మీరు ఆడమనిషే, ఇన్నాళ్లూ అలాగే బతికారు. బయాలజీగా అడిగితే ఒక్క మాట సరిపోదు."

"మరి నా ఇకామా? ఆ గుర్తింపు కార్డులో ఆడ అనే ఉంది కదా?"

"నేను డయాగ్నసిస్ రాస్తాను, అంతే. ఇకామాలు నేను రాయను" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రెండో రిజల్ట్ కోసం ఎదురుచూసిన ఆ మూడు వారాలు నాకిప్పటికీ సరిగ్గా గుర్తులేవు. ఆడవాళ్ల హాస్టల్లో నా మంచం మీద నేను దొంగలా పడుకునేదాన్ని. ప్రార్థనకు కూర్చుంటే ఏమని అడగాలో తెలిసేది కాదు. రిజల్ట్ మారాలనా, నేను మారాలనా?

ఒక సాయంత్రం స్వప్న వచ్చి నా మంచం మీద కూలబడింది.

"అక్కా, నా మీద ఓవీఆర్ పడ్డది. నీ శాంపిలేనంట. నీ ఫైల్ నంబరు జూసిన, ఇకామా జూసిన, నీ ముంగటనే లేబుల్ అంటించిన. యాదికున్నదా?"

"ఉంది."

"పోయినేడు ఒక వార్నింగ్ ఇచ్చిండ్రు. ఇంకోటి వస్తే కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యరు, ఎగ్జిటే, ఇంటికి పంపుడే. ఎవ్వరు పెట్టిండ్రో చెప్తలేరు. నువ్వు వాళ్లతోని ఒక్క మాట చెప్పక్కా."

"రెండో రిజల్ట్ రానీ, చూద్దాం" అని నీళ్లు నమిలాను. ఫిర్యాదు పెట్టింది నేనేనని చెప్పలేకపోయాను. ఆ పిల్లది తప్పు కాదని అప్పటికే నాకు లోలోపల తెలుసు. నేను నోరు విప్పితే నా సంగతి బయటపడుతుంది, విప్పకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. సిగ్గుతో చెబుతున్నాను, పదిహేను రోజులు నేను నోరు విప్పలేదు.

రెండో రిజల్ట్ కూడా అదే వచ్చింది. స్వప్నను ఆదివారం విచారణకు పిలిచారు. ఆ రోజు ఎనిమిదింటికే నేను ఓవీఆర్‌లు చూసే క్వాలిటీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి మేనేజర్ సౌదీ ఆవిడ. ఓవీఆర్ వెనక్కి తీసుకుంటానన్నాను.

"కారణం?"

"ల్యాబు తప్పు చేయలేదు."

ఆవిడ స్క్రీన్ వైపు చూసింది. "అయితే ఈ రిజల్ట్?"

"ఆ శాంపిల్ నాదే మేడమ్" అన్నాను. ఆవిడ ఇంకో ప్రశ్న వేయలేదు. కారణం అన్న గడిలో "శాంపిల్ సరైనదే" అని నాతోనే టైప్ చేయించి ఫైల్ మూసేసింది.

స్వప్నకు అంతా చెప్పాను, ఎక్స్‌వై సంగతితో సహా. చీదరించుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె కోపం వేరే దాని మీద.

"నువ్వు ఎక్సో వైయో నాకెందుకక్కా! నా పేరు రాసినవ్. రాసి, నా మొఖం జూసుకుంట గిన్ని దినాలు ఎట్లున్నవ్?"

తను నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఆపరేషన్‌కు ముందు రక్తం తీయడానికి మాత్రం తనే వచ్చింది. లేబుల్ నా కళ్ల ముందు పెట్టి, "మంచిగ సదువుకో అక్కా, మల్ల నాది కాదంటవ్" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

గోనాడ్స్ తీయించుకోవాలా వద్దా అన్నది డాక్టర్ నాకే వదిలేసింది. "తొందరేం లేదు. క్యాన్సర్ రిస్క్ ఉంది, కానీ ఎక్కువ కాదు. ఉంచుకుని స్కాన్లతో చూసుకోవచ్చు. తీస్తే ఈస్ట్రోజెన్ వాడాలి" అంది. హెర్నియా నొప్పి భరించలేక, ఆ ఆపరేషన్‌లోనే వాటినీ తీయించుకున్నాను. సరిగ్గా చేశానో లేదో ఇప్పటికీ తెలియదు. తర్వాత రెండు నెలలు ఒంట్లో ఆవిర్లు, ఊరికే ఏడుపు. ఒంటికి అంటించుకునే ఈస్ట్రోజెన్ ప్యాచ్ డోసు రెండుసార్లు మార్చాక కుదుటపడ్డాను. డెక్సా స్కాన్‌లో ఎముకలు కాస్త పల్చబడ్డాయని తేలింది, క్యాల్షియం వాడుతున్నాను.

అమ్మకు ఫోన్లో చెప్పాను. "మీ పెద్దమ్మకీ నెలసరి రాలేదే. గొడ్రాలు అన్నారు గానీ ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు" అంది. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అంటే, "ఏటని చెప్పనే తల్లీ, నాకే తెలీలేదు" అని ఏడ్చింది. ఇది తల్లి వైపు నుంచి రావచ్చని డాక్టర్ అనడంతో చెల్లెలికి కూడా అంతా చెప్పాను.

ఇది జరిగి ఏడాదిన్నర. అదే వార్డులో పనిచేస్తున్నాను. నా ఇకామాలో ఏదీ మారలేదు. పెళ్లి సంబంధం మాట వస్తే ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. నేనెవరన్నది కొన్ని రోజులు స్పష్టంగా ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. స్వప్న ఇప్పుడు మాట్లాడుతుంది. శుక్రవారాలు మాత్రం వేరేవాళ్లతో వండుకుంటుంది.

మీకు చెప్పగలిగింది ఒక్కటే. నమ్మలేని రిపోర్టు వస్తే ఒంటరిగా తెరిచి చూసుకోకండి, డాక్టర్ ఎదుట కూర్చుని వినండి. మళ్లీ టెస్టు చేయమని అడగండి, అది మీ హక్కు. దాంతో పాటు "ఇదే నిజమైతే ఏమిటి?" అని కూడా ఆ రోజే అడగండి. నేను అడగకుండా ముందు ఇంకొకరి పేరు రాశాను.