రాగితీగ గుండీ

ఎవరికి వచ్చిన పని వాళ్లు పక్కవాళ్లకు నేర్పే ఆ పనిగదిలో ఒక నల్లబల్ల ఉంది. దాని మీద రేడియో మెకానిక్ ‘నాకు వచ్చినవి’ కింద పదకొండు పనులు రాశాడు. ‘నేర్చుకోవలసినవి’ కింద ఏమీ రాయలేదు. రాస్తే మీసం ఊడిపోదూ! కళ్లజోడు నుదుటికి నెట్టి, టంకం పొగను ఉఫ్‌మని ఊదుతూ, అడగనివాళ్లకు కూడా పాఠం చెబుతాడు. నిన్న ఆయన చొక్కా గుండీ టైలరమ్మ కంట పడింది. దానికి దారం లేదు. సన్నని రాగితీగ చుట్టి, టంకం పెట్టాడు.

“ఏం అన్నయ్యా, చొక్కాకి కరెంటిచ్చావా?”

అందరూ నవ్వారు. ఆయన మాత్రం గుండీని అరచేత్తో కప్పుకున్నాడు. “మీ వదినకి సూది బెజ్జం కంటికి ఆనట్లేదమ్మా” అన్నాడు.

టైలరమ్మ నవ్వు ఆపి, సూదిలో దారం ఎక్కించి అందించింది. ఆయన వెంటనే అందుకోలేదు. ముందు నల్లబల్ల దగ్గరకు వెళ్లి, ఖాళీగా ఉన్నవైపు ‘గుండీ కుట్టడం’ అని రాసి వచ్చి, అప్పుడు చెయ్యి చాపాడు.