పదకొండేళ్ల పిల్లకు బండి

నా బిడ్డకు పదకొండేళ్లు. పుట్టినప్పటి నుంచి నడుం నిలవదు, మెడ ఆగదు, కాళ్లు కత్తెర పడతాయి. మొన్నటి వానాకాలం దాకా చంకనెత్తుకొని మూడు వీధుల అవతలి బడికి తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు బురదలో ఇద్దరం జారి పడ్డాం. ఆమెకు పెదవి చిట్లింది, నాకు నడుం పట్టేసింది. ఇక ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఎత్తకపోతే బడి లేదు. బడి లేకపోతే ఆమెకు మిగిలేది గోడ పక్క చాప, పైన తిరిగే ఫ్యాను. అందుకే కూర్చోబెట్టి తోసుకుపోయే చక్రాల బండి కావాలి. ఇంత చిన్న మాట అర్థం కావడానికి మనుషులకు ఎన్ని నెలలు పట్టిందో తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

నడవలేని పిల్లలకు ఉచితంగా బండ్లిస్తామని మండలంలో క్యాంపు పెట్టి కొలతలు తీసుకుంటున్నారంటే బిడ్డను తీసుకొని నేనూ మా అత్తమ్మా పోయాం. మా ఆయన మరమగ్గం వదిలి రాలేకపోయాడు. టేపు పట్టుకున్నతను బిడ్డను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టమన్నాడు. అంతే, అత్తమ్మ లేచింది.

"పండవెట్టి కొలుస్తరా? పండవెట్టి కొలిచేది పీనుగునయ్యా! నా మనుమరాలు బతికే ఉన్నది."

మా ఇళ్లలో పెద్దవాళ్ల పట్టింపు అది. పడుకున్న మనిషి మీద టేపు పడితే కాటికి కొలిచినట్టే. అతను వాదించనైనా లేదు. "సరే, ఒళ్ల కూసోవెట్టుకో అమ్మా" అని, నా ఒళ్లో కుంగిపోయి ఉన్న పిల్లకే టేపు పెట్టి ఏదో రాసుకున్నాడు. నడుం నిలవని పిల్ల కూర్చుంటే సగం మనిషే అవుతుందని అతనికి తెలుసు. నాకూ తెలుసు. వెనక వరుస పెద్దగా ఉందని అతను, అత్తమ్మతో గొడవెందుకని నేను, ఇద్దరం నోరు మూసుకున్నాం.

ఐదు నెలలకు బండి వచ్చిందంటే మళ్లీ ముగ్గురం మండలానికి పోయాం. కూర్చోబెడితే వీపుపట్టె భుజాల దాకా కూడా రాలేదు. సంతకు కాళ్లు పట్టుకొని తీసుకుపోయే కోడి మెడలా ఆమె తల వెనక్కి వేలాడింది. అది అలా వేలాడుతుండగానే బండ్లు పంచే ఒకాయన మా ముగ్గురినీ నవ్వమని ఫొటో తీసుకున్నాడు. ఇంటికొచ్చాక అత్తమ్మ అంది కదా, "మంచిగ కొలిపిచ్చుకోవద్దానే? నీకు జర సోయి లేదు." కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందట, ఇలాగే ఉంటుంది కాబోలు. ఆ బండి మీద ఇప్పుడు ఉతికిన బట్టలు ఆరుతుంటాయి.

ఇక కొనుక్కోవడమే దారి అని బిడ్డను ఎత్తుకొని బస్సెక్కి కరీంనగర్ పోయాను. ఎత్తొద్దన్న డాక్టరు బస్సెక్కించడానికి రాడు కదా.

ఆస్పత్రుల సందులో ఒక పెద్ద దుకాణం. వాకర్లు, ఊతకర్రలు, చక్రాల కుర్చీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"పాపకు ఎన్ని నెలలక్కా?" అన్నాడు దుకాణందారు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. పాప కాళ్లు నా మోకాళ్లు దాటి వేలాడుతున్నాయి.

"నూట ముప్పై నాలుగు" అన్నాను.

అతను నిజంగానే లెక్క వేసుకున్నాడు. వేసుకొని ఒక గులాబీ రంగు బండి తెచ్చాడు. దాని నిండా ఎలుగుబంటి బొమ్మలు, పక్కన పాలసీసా పెట్టుకునే సంచి. అది కాదంటే దొడ్డికి కూర్చునే రంధ్రమున్న పెద్దవాళ్ల కుర్చీ లాగాడు. "పేషెంటుకు గిదే సుకమక్కా. ఎటూ పోయే పనుండది గదా" అన్నాడు. నా బిడ్డకు జలుబు కూడా లేదు. బడికి పోవాలి. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు, అంత దుకాణంలో ఆమెకు సరిపోయేది ఒక్కటీ కనబడలేదు. వాకర్ కొనడానికొచ్చిన ఒకామె దగ్గరికొచ్చి, బిడ్డ గడ్డం మీది చొంగ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏ జన్మల పాపమో" అంది, బిడ్డ వినేలాగానే.

"టేపు ఇయ్యన్నా" అన్నాను దుకాణందారుతో.

అక్కడే నేల మీద దుప్పటి పరిచి బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాను. మోకాళ్లు మెల్లగా ఒత్తి చాపాను. మడమ నుంచి నెత్తి దాకా కొలిచి, ఆ టేపును నా ఒంటికి పట్టి చూసుకున్నాను. నా భుజం దాకా వచ్చింది. ఇన్నేళ్లూ ముడుచుకొని ఉన్న పిల్లనే మోశాను గానీ, ఇంత పొడుగు మనిషి నా చేతుల్లో ఉందని నాకు తెలియనే తెలియదు. ఏడుపొచ్చింది. అంతలోనే నా మీద నాకే రోత పుట్టింది. క్యాంపులో నోరు మూసుకున్నది నేనే కదా.

ఆ కొలత చూశాక దుకాణందారు లోపలి నుంచి మూడో బండి తెచ్చాడు. ఎత్తయిన వీపు, తలకు రెండు పక్కలా మెత్తలు, ఛాతీకి పట్టీలు, కాళ్లకు పలక. కూర్చోబెడితే తల నిలిచింది. పైన రిక్షాకు ఉన్నట్టు మడతపడే నల్లటి టాపు. అతను దాన్ని బిడ్డ ఛాతీ దాకా దించి చూపించాడు.

"గిది దించితే ఎవ్వలకు కనబడదక్కా. మస్తు మంది గందుకే కొంటరు."

ఎంత నీచపు మాట అనుకున్నాను. అనుకుంటూనే మా వీధి గుర్తొచ్చింది. అరుగుల మీద కూర్చొని చూసే కళ్లు, నోటికి అడ్డం వచ్చే కొంగులు. "మంచిగనే ఉంది" అన్నాను. నా చేత్తోనే టాపును ఇంకొంచెం కిందికి లాగాను.

లోపలి నుంచి మాట వచ్చింది. మా బిడ్డకు ఉన్న మాటలు నాలుగే: నన్ను పిలిచే అవ్వ, బాపు, బువ్వ, వద్దనడానికి అద్దు. ఇది వాటిలో లేదు. రోజూ నా నోట వినీ వినీ నేర్చుకుందేమో.

"ఛీ."

టాపు ఎత్తాను. నా మొహంలోకే చూస్తోంది.

"గీ టాపు ఇప్పెయ్యన్నా" అన్నాను.

"ఇప్పితె మల్ల వాపసు తీస్కోమక్కా."

"వాపసు ఎవరడిగిండ్రు? నువ్వే ఉంచుకో."

ఎండలో బస్టాండు దాకా తోసుకుంటూ నడిచాను. దారంతా జనం ఆగి మా బిడ్డను చూశారు. ఆమె కూడా ఒక్కొక్కరినీ తేరిపార చూస్తూ కూర్చుంది.