అనంతగిరి మంచులో మా బాపు

ఆ రోజుల్లో చలికాలమంటే మాకు పెద్దగా లెక్క ఉండేది కాదు. పాతబస్తీలోని మా ఉప్పుగూడలో చలి ఎంత ముదిరినా మా బర్రెల కొట్టంలోకి పోయి నిలబడితే చాలు, వాటి ఊపిరికే ఒళ్లు వెచ్చబడేది. కొండల మీద చలి వేరే ఉంటుందని, దానికి మంచు కూడా తోడైతే మనిషికి తన చెయ్యి ఎక్కడుందో తనకే తెలియదని నాకెవరూ చెప్పలేదు. (చెప్పినా వినే వయసు కాదు. చాంద్రాయణగుట్ట దగ్గర సిమెంటు దుకాణంలో కొత్తగా పనికి కుదిరాను, లోకమంతా నాకే తెలుసు.)

ఆ ఏడాదే మా బాపు కళ్లు పోతున్నాయని తెలిసింది. కంటి నరం ఎండిపోతోంది, ఆపరేషన్‌కు లొంగేది కాదు, ఎండాకాలం దాకా చూపు నిలిస్తే గొప్పే అన్నాడు డాక్టరు. ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. బాపు మాత్రం ఏమీ ఎరగనట్టు పాలు పితుకుతూ, పోస్తూ ఉండి, ఒకనాడు చాయ్ తాగుతూ అన్నాడు: "పొద్దు పొడుస్తుంటె నేనెన్నడు సూడలేదురా. గా యాళ్లకు బర్రె కిందనే ఉంటి. ఒక్కపారి సక్కగ సూస్తె బాగుండు." ఆయన ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు. మా ఇంటి మీది నుంచి చూపిద్దామంటే పొద్దు పక్కింటి నీళ్ల ట్యాంకు దాటి వచ్చేసరికే ఎండ ముదిరిపోయేది. ఆ వెలుతురుకు బాపు కళ్ల నుంచి నీళ్లు ధారగా కారేవి.

దుకాణంలో నా జోడీ హుస్సేనీ ఆలం నుంచి వచ్చే జుకామ్ భాయ్. (ఏడాది పొడుగునా జలుబే కాబట్టి ఆ పేరు. అసలు పేరు మా సేఠ్‌కు కూడా గుర్తులేదు.) సంగతి చెప్పగానే, "అనంతగిరి పోదాం యార్. పహాడ్ మీద సూరజ్‌కు అడ్డమేముంటది," అన్నాడు. మా ఇద్దరికీ సెలవు కలిసిన రోజే మంచి రోజనుకున్నాం. అమ్మ బాపుకు రెండు స్వెటర్లు, ఒక మంకీ క్యాపు తొడిగి, నా మఫ్లరు చుట్టి, అది చాలదన్నట్టు ఒక దూది రజాయి మడిచి నా నెత్తిన పెట్టింది.

ముందురోజు సాయంత్రం రైలెక్కి వికారాబాద్‌లో దిగి, స్టేషన్‌లోనే కునుకు తీసి, తెల్లవారకముందే ఆటోలో కొండ దగ్గరికి చేరాం. ఆటో అతను మమ్మల్నీ రజాయినీ చూసి, "గీ మంచుల ఏం కనబడతదన్నా," అన్నాడు. మేం పట్టించుకోలేదు. నడక మొదలుపెట్టిన కాసేపటికే దారి మాయమైంది. రాళ్లు తడిసి జారుతున్నాయి, చెట్ల నుంచి వానలాగా నీళ్లు రాలుతున్నాయి, రజాయి ఆ తడినంతా తాగి బర్రెదూడంత బరువైంది. బాపు నా భుజం పట్టుకుని, "నీకేమన్న కనబడుతుందారా?" అన్నాడు.

"లేదు బాపు."

"అయితె నా కండ్ల తప్పు గాదన్నట్టు," అన్నాడు, కొంచెం సంతోషంగానే. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పైన బల్లపరుపు రాతి మీదికి చేరాక అసలు చిక్కు వచ్చిపడింది. తూర్పు ఎటు? పాతబస్తీలో పుట్టినవాళ్లం మసీదు గోడను బట్టో, రైలు పట్టాలను బట్టో దిక్కులు చెబుతాం. ఇక్కడ ఆ రెండూ లేవు. (అప్పటి మా ఫోన్లు మాట్లాడటానికి తప్ప దేనికీ పనికొచ్చేవి కావు.) జుకామ్ భాయ్‌కి నమాజు వేళ దాటిపోతోంది, అతనికి పడమర కావాలి. మాకు తూర్పు కావాలి. అతను ముక్కు తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించి, "పట్నం నుంచి పడమరకే వచ్చినం, అది మన ఎనక ఉంది. అంటే నమాజు దిక్కు, కిబ్లా, గిట్ల. మీరు గట్ల తిరుగుండ్రి చాచా, ఫికర్ నక్కో," అని తేల్చాడు. దారి ఎన్ని వంకలు తిరిగి వచ్చిందో ఇద్దరమూ మరిచిపోయాం. అతను తువ్వాలు పరిచి ఒకవైపు నమాజు చేసుకున్నాడు. నేను బాపును రజాయి మీద కూర్చోబెట్టి సరిగ్గా రెండోవైపుకు తిప్పాను. నమాజు ముగించి అతనూ మా పక్కకే వచ్చాడు. ఇద్దరం రెప్ప వేయకుండా ఆ తెల్లటి మంచులోకి చూస్తూ నిలబడ్డాం. ఎంతకీ ఏమీ లేదు. ఒక్కటంటే ఒక్కటి అడిగితే అది కూడా చూపించలేకపోయానే అనుకున్నాను.

"ఒరేయ్," అన్నాడు బాపు మెల్లగా, కాళ్ల దగ్గరి రాతిని చూస్తూ. "నా నీడ నా ముంగట పడ్డది. పొద్దు గిటుంటె నీడ గిటెట్ల పడ్తదిరా?"

వెనక్కి తిరిగాం. చెట్ల మీదుగా పొద్దు అప్పుడే పైకి వస్తోంది. జుకామ్ భాయ్ దాన్ని చూసి, తన తువ్వాలును చూసి, "తౌబా," అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "నీయత్ సాఫే గద, మనసుల తప్పు లేదు, కబూల్ అయితది," అని తనకు తానే చెప్పుకున్నాడు.

బాపు భుజాలు పట్టుకుని తిప్పాను. మంచు చాటున పొద్దు ఎర్రగా, మెత్తగా, కళ్లకు ఏమాత్రం గుచ్చుకోకుండా ఉంది. ఆయన కళ్ల నుంచి ఒక్క చుక్క నీరు రాలలేదు. కొత్తగా పుట్టిన దూడను చూసినట్టు, అట్లా చూస్తూనే ఉన్నాడు. "మంచు లేకుంటె నేను సూడకపోదును," అన్నాడు చాలాసేపటికి. పొద్దు తెల్లబడి ఆయన తల దించుకునేదాకా మేం వణుక్కుంటూ అక్కడే ఉన్నాం.

ఎండాకాలం రాకముందే ఆయన చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ, "మావోళ్లు మంచు పడే రోజు సూశి మరీ తీస్కపోయిన్రు. మస్తు తెలివిగల్లోళ్లు," అని చెప్పేవాడు. ఇన్నేళ్ల తర్వాత నాకు నవ్వొచ్చేది నా సంగతి తలుచుకునే. ఆయన అట్లా చెబుతున్నప్పుడల్లా పక్కనే కూర్చుని, అంతా ముందే లెక్కవేసినవాడిలాగా గంభీరంగా మొహం పెట్టేవాణ్ణి, ఆ మొహం ఆయనకు కనపడదని తెలిసి కూడా.