అమ్మ వేలి కింది మాట

నా పేరు చెప్పను, ఏమీ అనుకోకండి. ఇరవై ఏళ్లు దాటింది, ఒక బరువు మోస్తున్నాను. మోసీ మోసీ అలవాటైపోయి ఒక్కోసారి అది ఉందన్న సంగతే మర్చిపోతాను. సాయంత్రం ప్రార్థన వేళ మళ్లీ గుర్తొస్తుంది.

మాది కొల్లేరు అంచున, మండవల్లి దగ్గర ఒక ఊరు. నేను ఐదో తరగతిలో ఉండగా నాన్న మమ్మల్ని వదిలేసి జంగారెడ్డిగూడెంలో వేరే కాపురం పెట్టాడు. అమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేది. అప్పట్నుంచి ఆమెకు పెద్దదిక్కు దేవుడే. ఏ కష్టమొచ్చినా మోకరించి ప్రార్థన చేసి, కళ్లు మూసుకుని దేవుని గ్రంథం తెరిచి ఎక్కడో ఒకచోట వేలు పెట్టేది. అమ్మకు చదువు రాదు. ఆ వేలి కింద ఏముందో నేను చదివి చెప్పాలి. నన్ను తాడేపల్లిగూడెంలో డిగ్రీలో చేర్చింది కూడా అలా అడిగాకే.

డిగ్రీ సెలవులకు నేను ఇంట్లో ఉండగా నాన్న వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. అక్కడి కాపురం చెడిందని, ఒంట్లో బాగుండటం లేదని, ఉండనిస్తే ఇక్కడే ఉంటానని అరుగు మీద కూర్చుని చెప్పాడు. అమ్మ కోప్పడలేదు. దేవుణ్ణి అడిగి చెబుతానంది. లోపలికొచ్చి, మోకరించే ముందు గోడకున్న అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుంది.

అది చూశాను. చూడకపోయి ఉంటే ఏం చేసేదాన్నో?

అమ్మ వేలు క్షమించమన్న మాట మీద పడింది. నేనది చదవలేదు. సండే స్కూల్లో బట్టీ పట్టిన వేరే మాట, వెనక్కి తిరిగి చూడొద్దన్న మాట, పేజీలోంచి చదువుతున్నట్టే చదివాను. గొంతు కూడా తడబడలేదు.

అమ్మ ఆమేన్ అని కళ్లు తెరిచింది. తర్వాత లేచి నాన్నకు అన్నం పెట్టింది. తిన్నాక చెప్పింది.

“ఏవండీ, దేవుడు వద్దంటున్నాడండి.”

“ఆయనే అన్నాక నేనేమంటాను,” అన్నాడు నాన్న. “పిల్లని బాగా చదివించు.”

గణపవరంలో వాళ్ల అక్క ఇంటికి వెళ్లాడు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు.

ఎందుకు చేశాను? మళ్లీ వదిలేసి పోతే అమ్మ తట్టుకోలేదని, అందుకే చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. రొయ్యల ముళ్లు గుచ్చుకుని ఆమె చేతులు వాస్తే అన్నేళ్లూ కొబ్బరినూనె రాసినదాన్ని నేను, ఒక్క పూట వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి కోసం ఆమె అద్దం చూసుకుందని నాకు ఒళ్లు మండింది. అసూయ. ఇంకో పేరు పెట్టలేను. ఆమె దేవుణ్ణి అడిగితే జవాబు నేను చెప్పాను.

ఇప్పుడు అమ్మ ఏలూరులో నా దగ్గరే ఉంటుంది. ఆ రోజు నేను చదివిన అబద్ధాన్నే ఆసరా చేసుకుని ఆమె ఇన్నాళ్లూ నిలబడింది. తన మోకాళ్ల ఆపరేషన్ అప్పుడూ, మా ఆయనకు ఉద్యోగం పోయినప్పుడూ, ఆ రోజు నాతో మాట్లాడిన దేవుడు ఇప్పుడు వదిలేస్తాడా అని మాకే ధైర్యం చెప్పింది. ఆ ధైర్యంతోనే నేనూ గట్టెక్కాను. ఇప్పుడు నిజం చెబితే మా నాన్నను తెచ్చివ్వలేను సరికదా, ఉన్న ఆసరా కూడా లాగేసినదాన్నవుతాను. చెప్పకపోతే? నా పంతాన్నే దేవుడి మాట అనుకుని ఆమె కన్ను మూస్తుంది. ఏది ప్రేమో నాకు తెలియడం లేదు. అమ్మలా దేవుణ్ణే అడుగుదామంటే, ఏ ముఖం పెట్టుకుని అడగను? అడిగినా, వచ్చిన జవాబు ఆయనదో నాదో ఎలా పోల్చుకోను?

ఆ రోజు దారి చూపించినందుకు అమ్మ రోజూ ప్రార్థనలో స్తోత్రం చెబుతుంది. నేను ఆమేన్ అంటాను. నిన్న నోరు పెగల్లేదు. ఒంట్లో బాగాలేదా అమ్మా అంటూ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ చేతిని కాసేపు తీయనివ్వలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.

మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. అది మీ చేతిలో లేదు కూడా. ఒక్కసారి పైకి అంటే ఊపిరి ఆడుతుందని, అంతే. మా నాన్నను వద్దన్నది దేవుడు కాదండీ, నేను.