ఎండు నెత్తళ్ళూ తొమ్మిది రకాల బీరూ

పెళ్ళయిన ఆరేళ్ళకి, మేమిద్దరమే కలిసి ఎక్కడికైనా వెళ్దామని మొదటిసారి అనుకున్నాం. గల్ఫులో ఉండేవాళ్ళ సెలవు వాళ్ళది కాదు. విమానం దిగీ దిగగానే ఆ పెళ్ళి, ఈ ఆసుపత్రి, అటువాళ్ళ భోజనాలు, ఇటువాళ్ళ అలకలు. కళ్ళు మూసి తెరిచేలోగా మళ్ళీ దోహా. ఈసారి అలా కుదరదని మా ఆయన పట్టుబట్టాడు. బెంగళూరులో దిగుతాం, కారు అద్దెకు తీసుకుంటాం, గోవా మీదుగా పుణె దాకా ఎనిమిది రోజులు తిరుగుతాం. ఇళ్ళల్లో మాత్రం సెలవు వారం ఆలస్యంగా మొదలవుతుందని చెప్తాం. దారిలో ఆగాల్సిన చోట్లు ఆయనే ఎంచాడు. మొత్తం తొమ్మిది. తొమ్మిదీ అక్కడికక్కడే చిన్న ట్యాంకుల్లో బీరు తయారుచేసి పోసే చోట్లే.

"కోటలు లేవా, జలపాతాలు లేవా? కనీసం గోవాలో ఒక పాత చర్చి అయినా రాయండి" అన్నాను.

"ఉంటది తీయ్, పక్కపొంటే. పోదాం" అన్నాడు నోట్‌బుక్కులోంచి తలెత్తకుండా.

ఆయనది జగిత్యాల వైపు, నాది కోనసీమ. దోహా రాకముందు ఆయన హైదరాబాదు దగ్గర ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబులో పదేళ్ళు పనిచేశాడు. తాగుబోతు కాదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ ట్యాంకులో ఏం తేడా చేసిందో చెప్పే మనిషి. మా అమ్మ మాత్రం చర్చి సంఘంలో అందరికీ "అల్లుడు సీసాల కంపెనీలో ఆఫీసరు" అని చెప్పుకునేది. ఇప్పుడు నిజంగానే సీసాల కంపెనీ. దోహాలో మంచినీళ్ళ ప్లాంటు ల్యాబులో రోజూ నీళ్ళు వాసన చూసి, వాసన లేదని రాయాలి. "నేర్చుకున్న విద్యకు ఏం గతి పట్టిందో చూసినవా?" అని నవ్వేవాడు. ఆ నవ్వులో నవ్వెంతో నాకు తెలుసు. అందుకే తొమ్మిదికీ ఒప్పుకున్నాను.

అప్పుడు బయటపెట్టాడు అసలు మెలిక. "నేను బండి నడుపుత. నువ్వు తాగు."

"నేనా! బాప్తిస్మం తీసుకున్నదాన్నండీ!"

"నిండ తాగుమంటలేను. రెండు గుక్కలు. తాగి, ఎట్లున్నదో నాకు చెప్పు. నడిపెటోడు ముట్టొద్దు గద."

న్యాయమైన మాటే. కానీ చెప్పడం కూడా నేర్చుకోవాలట! దోహా బయట ఉమ్ సలాల్‌లో తోటపని చేసే మా ఆయన ఊరతను గొర్రెలకు పెట్టే బార్లీ ఒక సంచిడు ఇచ్చాడు. దోహా నడిబొడ్డున ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మాది రెండు గదుల ఫ్లాటు. బీరుకి మూలమైన ఆ బార్లీని వంటింట్లో నానబెట్టి, తడిగుడ్డలో మొలకెత్తించి, మేడ మీద ఎండబెట్టి, పాకం రంగు చూసినట్టు రంగు చూసుకుంటూ మూడు రకాలుగా వేయించాడు. ఒకటి లేతగా, ఒకటి ఎర్రగా, ఒకటి నల్లగా. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చీ ఆ రోజే; నేను చర్చి నుంచి రాగానే క్లాసు. కళ్ళు మూసుకోమని, ముక్కు కింద గింజలు పెట్టేవాడు.

"బాగుంది."

"బాగుంది అంటె ఏం తెలుస్తది? ఏం లెక్కున్నది?"

"బిస్కట్టులా."

"ఏ బిస్కట్టు?"

"అబ్బ, చంపుతున్నారు కదండీ! టీలో ముంచి మర్చిపోయిన బిస్కట్టు."

"గదీ! గట్ల చెప్పాలె!" అని చిన్నపిల్లాడిలా సంబరపడి నోట్‌బుక్కులో రాసుకున్నాడు. నల్లగా వేయించినదాన్ని అట్లు పోసి పోసి మాడిన పెనం అన్నాను. అదీ రాసుకున్నాడు. విసుక్కుంటూనే నేను శుక్రవారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో అద్భుతం జరిగింది, జరిగిందనుకున్నాను. కాపురానికొచ్చిన మొదటి వారం నుంచీ ఎండు నెత్తళ్ళనే చిన్న చేపల దగ్గర మాకు గొడవే. నేను వాటిని వేయించడం మొదలుపెడితే ఆయన కిటికీలన్నీ బార్లా తెరిచి, చెప్పులేసుకుని కిందకి పోయేవాడు. "మీ గోదారోళ్ళకు ముక్కులు లేవా?" అని మెట్ల మీంచి అరిచేవాడు. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా కదలడం లేదు. వంటింటి గుమ్మం పక్కనే కూర్చుని తాపీగా మ్యాపు చూసుకుంటున్నాడు. మొదటిసారి నమ్మలేదు. రెండోసారి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆరేళ్ళకి నా పుట్టింటి తిండిని ఒప్పుకున్నాడు, నా కోసమే ఓర్చుకుంటున్నాడు అని పొంగిపోయాను. ఫోన్ చేసి మా అమ్మకి చెప్పుకున్నాను. ప్రార్థన ఫలించిందంది ఆవిడ.

ఒక శనివారం మధ్యాహ్నం నెత్తళ్ళు వేగి ఇల్లంతా ఘాటు కమ్మేసింది. మంచినీళ్ళ కోసం వచ్చిన మా ఆయన, మూత పెట్టిన బాణలి పక్కన నిలబడి, "ఇయ్యాల ఏం వండుతున్నవ్?" అన్నాడు.

వేళాకోళం అనుకుని మొహం చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"ఏవండీ, మీకు వాసన రావడం లేదా?"

గ్లాసు కింద పెట్టాడు. "మూడు నెలలాయె."

చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదట. డాక్టరుకి చూపించుకున్నాడట. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. ల్యాబులో పక్కనుండే ఫిలిప్పీన్ అమ్మాయి చేత నీళ్ళు వాసన చూపించి రాస్తున్నాడట, సూపర్‌వైజరుకీ తెలుసట. అంటే నాకు తప్ప అందరికీ తెలుసు! ఒళ్ళు మండిపోయింది. బాణలి నెత్తళ్ళతో సహా సింకులో పడేశాను.

"మూడు నెలలు నాకు చెప్పలేదేంటండీ! నేనేమో మీరు మారారని మురిసిపోయి మా అమ్మకి కూడా చెప్పుకున్నానే!" అని అరిచి, అరుస్తూనే ఏడ్చాను.

"చెప్తె టికెట్లు క్యాన్సల్ చేస్తవని" అన్నాడు. "నువ్వు తాగి చెప్తుంటె నేను వింట గద. విన్నంతసేపు నాకు యాదికొస్తది. గందుకే నీకు నేర్పిన."

ఆయన వెళ్ళి బల్ల మీది నోట్‌బుక్కు మూసేశాడు. "ఇప్పుడు నీకెరుకైంది. ఇగ ప్రతి గ్లాసుకు నా మొకం చూస్తవ్, అయ్యో పాపమని. నాకది వద్దు. బంజెయ్యి."

టికెట్లు నేను రద్దు చేయలేదు. మరుసటి శుక్రవారం చర్చి నుంచి రాగానే, "రువైస్ దాకా పోదాం, కారు తీయండి" అన్నాను.

"దేనికి?"

"తీయమన్నాను కదా. యల్లా, పదండి!"

అద్దాలు దించేశాను. ఉమ్ సలాల్ దాటుతుండగా మొదలుపెట్టాను. "పచ్చిగడ్డి, ఇప్పుడే కోశారు. దాని వెనక మేకలు. వాన వెలిశాక తడిసి దొడ్లో నిలబడే మేకలు." నేను జాలిపడుతున్నానేమోనని ఆయన ఓరగా చూస్తున్నాడు. నేను ఆయన మొహం వైపు తిరగనే లేదు, రోడ్డునే చూస్తూ చెప్పుకుపోయాను. ఎడారిలో ఏ వాసనా లేనిచోట లేదనే చెప్పాను. "ఇప్పుడు వేడెక్కిన ఇనుము. అది మన కారుదే, సర్వీసింగుకి ఇవ్వండి" అంటే పెదవి కదిలింది. ఉత్తరాన రువైస్ రేవు చేరాక, "డీజిలు. తడి తాడు. చేపలు, కానీ మా నెత్తళ్ళంత మర్యాదస్తులు కావు" అన్నాను. ఈసారి నవ్వాడు.

ఇంజను ఆపి, పడవల వైపు తిరిగాడు.

"ఒకటడుగుత, నిజం చెప్పు. ఎనిమిది దినాలు ఒక్క కార్ల, అద్దాలు మూసుకొని ఏసీల కూసుంటం. నా దగ్గర కంపొస్తె నాకెట్ల తెలుస్తది? నువ్వయితె మర్యాదకు చెప్పవు."

అప్పుడు తట్టింది నాకు. మూడు నెలలుగా రోజుకి మూడుసార్లు స్నానం. డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఒళ్ళంతా అత్తరు. సోఫాలో ఆ చివర, మంచం మీద ఆ చివర. అలసటేమో అనుకున్నాను. నన్ను దగ్గరికి తీసుకుని ఎన్నాళ్ళయిందో తలచుకుని, నాలోనే ఏదో లోపం వెతుక్కున్నాను కూడా. పిచ్చి మనిషి! తన ఒంటి వాసన తనకి తెలియక నాకు దూరంగా జరుగుతూ వచ్చాడు.

సీటు బెల్టు తీసి, వంగి, ఆయన మెడ దగ్గర ముక్కు పెట్టాను.

"ఏయ్, జనమున్నరు!"

"ఉండనివ్వండి. తొందరపెట్టకండి నన్ను."

ఆయన నేర్పినట్టే, నింపాదిగా వాసన చూశాను.

"అత్తరు ఎక్కువైంది, తల తిరుగుతోంది. దాని కింద సబ్బు. సబ్బు కింద చెమట, ఇవాళ్టిదే, కొంచెమే. ఇంకా కిందకి పోతే..." ఇంకాస్త దగ్గరికి జరిగాను. "మా ఆయన. దానికి ఇంకో పేరు నాకు తెలియదండీ."

స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఒక చెయ్యి తీసి, నా తలని తన భుజానికి అదుముకున్నాడు, మూడు నెలల తర్వాత.

"పోదాం" అన్నాడు.

"ఇంటికా?"

"బెంగళూరు. అత్తరు మాత్రం తెస్తలేను."