ఎత్తెక్కితే ఏడ్చే లారీ

లారీ వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనప బుర్ర ఒకటి ఉంటుంది. రోడ్డు మీద లారీ వెనకాల చిక్కుకుని విసుక్కున్న వాళ్ళందరూ దాన్ని చూసే ఉంటారు, చూశామని తెలియదంతే. డిఫరెన్షియల్ అంటారు దాన్ని. పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వరసగా గుండ్రంగా తిరుగుతుంటే లోపలివాడికి నడక చాలు, చివరివాడు మాత్రం పరుగెత్తాలి. మలుపులో రెండు వెనక చక్రాల సంగతీ అంతే. వాటికి తగువు రాకుండా ఎవరి నడక వాళ్ళు నడిచేలా సర్దిచెప్పే పెద్దమనిషి ఆ బుర్రలో కూర్చుని ఉంటాడు. మన ఇళ్ళలోనూ అలాంటి మనిషి ఒకరుంటారు. వాళ్ళు మంచాన పడితేగాని ఉన్నట్టు తెలియదు.

ఆ బుర్ర విప్పి, అరిగిన పళ్ళచక్రాలు తీసి కొత్తవి బిగించడమే పనిగా బతికిన మనిషి కథ ఇది. డ్రైవర్లందరూ ఆయన్ని పళ్ళ డాక్టరు అంటారు. డాక్టరుగారి నోట్లో సొంత పళ్ళు సగం లేవన్నది వేరే సంగతి.

పెద్దరోడ్డు పక్కన ఆయనది రేకుల షెడ్డు. దాని వెనకే రెండు గదుల ఇల్లు. వంటగది కిటికీ తిన్నగా షెడ్డులోకే తెరుచుకుంటుంది. ఆ కిటికీలోంచి టీ గ్లాసులు వస్తాయి, మాటలూ వస్తాయి. ఆయన భార్య లోపల కుట్టుమిషను తొక్కుకుంటూనే బయట ఏ లారీకి ఏ జబ్బో చెప్పగలదు. పెళ్ళయిన కొత్తలో ఈ చప్పుళ్ళకి తలనొప్పి వచ్చేదట. ఇప్పుడు షెడ్డు మూసేసిన రోజునే తలనొప్పి వస్తుందంటుంది. నేను ఆ దారిన పోయినప్పుడల్లా వాళ్ళ అరుగు మీద ఒక పూట ఆగుతాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు ఆమే చెప్పింది. ఆయన పక్కనే కూర్చుని, తనకేమీ పట్టనట్టు స్పానర్లు తుడుచుకుంటూ, ఆమె ఎక్కడైనా కాస్త ఎక్కువ చెబితే మాత్రం దగ్గాడు.

పళ్ళ డాక్టరుకి ఒక పద్ధతుంది. కొత్త పళ్ళు బిగించాక, బండి అప్పగించే ముందు దాన్ని ఒకసారి తిప్పించి చూస్తాడు. ముందు క్యాబిన్లో కూర్చోడు. ఖాళీ లారీ వెనక్కి ఎక్కి, సరిగ్గా ఇరుసు మీదికి వచ్చే చోట గోనెసంచి పరుచుకుని, చెక్కకి చెవి ఆనించి పడుకుంటాడు. డ్రైవరు రోడ్డు ఆ చివరిదాకా వెళ్ళి తిరిగి రావాలి. ఈయన హాయిగా కునుకు తీస్తాడని డ్రైవర్ల ఎగతాళి. కాని దిగి ఒక్క మాట చెబుతాడు, దానికి తిరుగుండదు. డ్రైవర్లు ఒకే చప్పుడుకి పది పేర్లు పెడతారు: కూత అని ఒకడు, మూలుగు అని ఒకడు, లోపల ఎవరో తిడుతున్నారని ఒకడు. ఈయన ఆ పేర్లు పట్టించుకోడు. యాక్సిలరేటరు మీద కాలు నొక్కితే వస్తుందా, వదిలితే వస్తుందా, మలుపులో వస్తుందా అన్నదే ఆయన లెక్క. నొక్కితే మారే చప్పుడు పళ్ళ అమరికది. మలుపులో మాత్రమే వచ్చేది లోపలి చిన్న పళ్ళది. ఎప్పుడూ ఒకే తీరున గుర్రుమనేది బేరింగుది. వైద్యుడు నాడి చూసినట్టు ఆయన చెక్క మీద చెవి పెడతాడు.

ఆ చెవి మెల్లగా పోతూ వచ్చింది.

అందరికీ పోయినట్టు పోలేదు. ఇంజను మోత వినపడేది, మనుషుల మాటలు చాలామటుకు వినపడేవి. సన్నటివే జారిపోయాయి. పిచ్చుకలు ఈ వీధి వదిలి వెళ్ళిపోయాయని ఒకసారి నాతో అన్నాడు, కాలం మారిపోయిందని కాసేపు విచారించాడు కూడా. వంటింట్లో కుక్కరు ఈల వెయ్యడం లేదని దానికి కొత్త రబ్బరు తెచ్చి వేశాడు. కొన్నాళ్ళకి మళ్ళీ ఇంకో రబ్బరు తెచ్చాడు. ఆ ఇంట్లో కుక్కరు ఎప్పటిలాగే ఈల వేస్తూనే ఉంది.

ఒకసారి ఇలాగే బండి తిప్పించి దిగేసరికి, డ్రైవరు ఆయన మాట కోసం ఎదురుచూస్తూ ముఖం చిట్లించి ఉన్నాడు. వాడు విన్నదేదో తను వినలేదని ఆయనకి అప్పుడు తెలిసింది. అప్పటినుంచి దిగగానే ముందు డ్రైవరు ముఖం చూడటం అలవాటు చేసుకున్నాడు. పళ్ళకి రంగు పూసి, ఎక్కడ ఒరుసుకుంటున్నాయో ఒకటికి రెండుసార్లు చూసి, సందు కొలిచి, చేతులతోనూ కళ్ళతోనూ పని ఇంకా గట్టిగా చేశాడు. బళ్ళు తిరిగి రాలేదు. ఆ గోనెసంచి మీద మాత్రం ఊరికే పడుకుని లేచేవాడు. ఆ సంగతి ఎవరికైనా తెలిస్తే షెడ్డు తాళం వేసుకోవడమేనని ఆయన నమ్మకం.

అలా ఉండగా కూతురి మామగారి లారీ వచ్చింది.

వియ్యంకుడు సొంత లారీ సొంతంగా నడుపుకునే మనిషి. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. పళ్ళు విరిగిన బండిని తాడు కట్టి లాక్కొచ్చాడు. ఆడపిల్ల తండ్రి కదా, డాక్టరు తన పనులన్నీ పక్కన పెట్టి దానికే కూర్చున్నాడు. కొత్త పళ్ళచక్రాలు, కొత్త బేరింగులు వేశాడు. ముందున్న చిన్న చక్రం పెద్ద చక్రాన్ని ఎంత లోతున పట్టాలో అంత లోతున పట్టేలా సందులో పెట్టే పలచటి రేకులు మార్చి మార్చి పెట్టాడు. ఆయిలు పోసేటప్పుడు ఆయన పద్ధతి అందరిదే. బుర్ర వెనకవైపు మూత ఉంటుంది. దానిలోంచి పోస్తూ ఉంటే, నిండాక అదే కన్నంలోంచి బయటికి జారుతుంది. అప్పుడు ఆపి మూత బిగించాలి. బండి ఒకసారి తిరిగి వచ్చాక, చక్రాల్లోకి కొంత చేరుతుంది గనక, మళ్ళీ చూసుకోవాలి. రెండుసార్లూ చూశాడు. రెండుసార్లూ ఆయిలు కన్నం అంచుదాకా ఉంది.

బండి అప్పగించాడు. మర్నాడు పొద్దున్నే వియ్యంకుడు మళ్ళీ వాకిట్లో ఉన్నాడు.

"బావగారూ, కొత్త పళ్ళు పెట్టారు, బాగానే ఉన్నాయి. కాని కొరుకుతున్నాయండీ," అన్నాడు.

బుర్రలోంచి సన్నగా ఏదో చప్పుడు వస్తోందట. సాయంత్రానికి సరుకు ఎత్తుకుని కొండదారి ఎక్కాలట. ఎక్కమంటారా, మానమంటారా, మీరొక్క మాట చెబితే చాలన్నాడు. ఆ ఒక్క మాటలోనే ఉంది చిక్కంతా. ఏమీ లేదు పొమ్మంటే, నిండు బరువుతో కొండ మీద చక్రాలు పట్టేసుకోవచ్చు. విప్పుతానంటే, బాగా ఉన్న అమరికని చేతులారా చెడగొట్టినట్టు కావచ్చు, బేరం ఎలాగూ పోతుంది. ఏదో తేల్చాలంటే వినాలి.

గోనెసంచి పరుచుకుని ఎక్కాడు. వియ్యంకుడు రోడ్డు చివరిదాకా తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. చెక్క అదిరింది, గొలుసులు మోగాయి. అంతకుమించి ఆయనకి ఏమీ అందలేదు. దిగాక వియ్యంకుడు విన్నారుగా అని అడిగితే, విన్నానన్నాడు. విప్పాలని కూడా అన్నాడు. అని పానాల పెట్టె కోసం షెడ్డులోకి వచ్చాడు. కుట్టుమిషను ఆగింది.

"మీకు వినపడలేదు," అంది భార్య, కిటికీ దగ్గరికి వచ్చి, మెల్లగా.

ఆయన పెట్టె మూత తీసి, మళ్ళీ వేసి, "ఎప్పటినుంచి తెలుసు నీకు?" అన్నాడు.

"కుక్కరుకి రెండో రబ్బరు తెచ్చినప్పటినుంచి."

"చెప్పలేదేం?"

"చెబితే పని మానేస్తారు. మానేసి రోజంతా ఇంట్లో కూర్చుంటే నా చెవులు పోతాయి."

ఆయన నవ్వలేదు. వినకుండా విప్పడమంటే చీకట్లో దారం ఎక్కించడమేనని ఆమెకి తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. ఆమె సూది గుడ్డకి గుచ్చి, చీర చెంగు బిగించి దోపుకుని బయటికొచ్చింది. తను వింటానంది, ఆయన అడగాల్సినవి అడగమంది. అయితే వియ్యంకుడికి ఏం చెప్పాలి? అదొక్కటే మిగిలింది. అది మాత్రం తను చెప్పనంది.

ఆయన వెళ్ళి బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"బావగారూ, నాకు సన్నటి చప్పుళ్ళు వినపడటం లేదు. ఇందాక విన్నానన్నది అబద్ధం. మా ఆవిడ వింటుంది, నేను అడుగుతాను. ఇంకోసారి తిప్పండి."

వియ్యంకుడు స్టీరింగుకి అంటుకున్నదేదో గోటితో గీకాడు. అంతలోనే డాక్టరుకి తన షెడ్డూ, తన పేరూ, అత్తారింట్లో కూతురూ అన్నీ గుర్తొచ్చి ఉంటాయి.

"ఎక్కండి, చెల్లెమ్మని కూడా ఎక్కించండి. నాకు దూరపు బోర్డులు కనపడవు. మీరూ ఎవరితో అనకండి," అన్నాడు వియ్యంకుడు.

ఇద్దరూ ఎక్కారు. ఆమె గోనెసంచి మీద పడుకుని చెవి ఆనించింది. ఆయన ఎదురుగా బాసింపట్టు వేసుకుని, చెక్క మీద అరచెయ్యి పెట్టి, ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాడు. మొదట్లో ఏమీ లేదంది. ఇనుము కాస్త వేడెక్కాక, దూరంగా ఎక్కడో పసిపిల్ల రాగం తీస్తున్నట్టు మొదలైందంది. కాలు నొక్కినప్పుడా వదిలినప్పుడా అంటే, రెండింటికీ ఒకటేనంది. మలుపులో మారిందా అంటే, లేదంది. ఆయన బొమలు ముడిపడ్డాయి. బేరింగుదందామంటే గుర్రు కాదు, మొదటినుంచీ లేదు. తన లెక్కలో ఏ గదిలోనూ కూర్చోని చప్పుడది.

అప్పుడు లారీ రైలు పట్టాల మీది వంతెన ఎక్కడం మొదలుపెట్టింది. ఆమె కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తింది. పెరుగుతోందన్నమాట. వంతెన నడినెత్తి దాటి అవతలికి దిగుతుంటే ఆ చెయ్యి తనంతట తనే కిందికి వచ్చింది.

"ఎక్కుతుంటే ఏడుస్తోంది. దిగుతుంటే ఊరుకుంటోంది," అంది.

ఆయన ఇంకేమీ అడగలేదు. క్యాబిన్ మీద దబదబ బాది బండి ఆపించాడు.

బుర్రలో ముందువైపున చిన్న చక్రమూ దాని బేరింగులూ ఉంటాయి. లారీ ముక్కు పైకెత్తితే లోపలి ఆయిలంతా వెనక్కి జారుతుంది. నిండుగా ఉంటే అప్పుడూ ముందువాటికి తడి అందుతుంది. తక్కువైతే అవి ఎండుతాయి, ఎండితే అరుస్తాయి. ముక్కు కిందికి దించితే ఆయిలు ముందుకొస్తుంది, ఊరుకుంటాయి. వంతెన దిగాక నేల చదునుగా ఉన్న చోట, ఒక టీ కొట్టు ముందు బండి పెట్టించాడు. ఆయిలు కిందికి దిగేదాకా ముగ్గురూ టీ తాగారు. ఆ తర్వాత కిందికి దూరి, మూత విప్పి, చిటికెనవేలు వంచి కన్నంలో పెట్టాడు. కొస తడవాలి. తడవలేదు.

తన కళ్ళముందే అంచుదాకా పొంగిన ఆయిలు అది. ఎక్కడైనా కారిందేమోనని చక్రాల చుట్టూ, ఆయిలు సీళ్ళ చుట్టూ తడిమి చూశాడు. పొడి దుమ్ము తప్ప ఏమీ లేదు. లారీ కిందే వెల్లకిలా పడుకుని చాలాసేపు ఆలోచించాడట. అక్కడినుంచే, బయట నిలబడ్డ భార్య కాళ్ళని ఉద్దేశించి అడిగాడు:

"వాకిలికి ఎంత వాలు పెట్టించావు?"

"నీళ్ళు నిలవకుండా ఉండేంత," అంది ఆమె.

వానాకాలం వస్తే షెడ్డు ముందు మోకాటి లోతు బురద అయ్యేది. ఏళ్ళ తరబడి పోరు పెట్టి, మొన్నమొన్ననే ఆమె దగ్గరుండి వాకిలంతా సిమెంటు చేయించింది. నీళ్ళు రోడ్డువైపు పోయేలా వాలు పెట్టించింది. పాత మట్టి వాకిలి చదునుది. ఆ రోజుల అలవాటు ప్రకారం ఈయన లారీ ముక్కు గోడవైపు, తోక రోడ్డువైపు పెట్టి ఆయిలు పోశాడు. ముక్కు పైకుంది, వెనక ఉన్న కన్నం కిందికి వచ్చింది. బుర్ర నిండకముందే ఆయిలు జారి, నిండిపోయానని చెప్పింది. రెండోసారి చూసింది కూడా అదే వాలు మీదే.

వియ్యంకుడు పడీ పడీ నవ్వాడు. నా కొత్త పళ్ళని దాహంతో చంపబోయింది మా చెల్లెమ్మ కట్టించిన వాకిలా, అన్నాడు. లెవలు చూసుకోవలసింది డాక్టరుగారని ఆమె జవాబు. డాక్టరు మాత్రం వేలితో లోపల ఇంకాస్త లోతుకి తడిమి, అంటుకున్న ఆయిలుని బొటనవేలితో నలిపి చూస్తున్నాడు. ఇసుకలా తగిలితే పళ్ళు పోయినట్టే. నున్నగానే ఉంది. వాసన చూశాడు, మాడలేదు. క్యాబిన్లో ఉన్న ఆయిలు డబ్బా తెప్పించి, వేలి కొస తడిసేదాకా పోశాడు.

వెనక్కి వస్తూ మళ్ళీ వంతెన ఎక్కారు. ఆమె చెవి ఆనించింది. ఈసారి ఆయన అరచెయ్యి కూడా పెట్టలేదు, ఆమె ముఖమే చూస్తున్నాడు. నడినెత్తిన ఆమె కళ్ళు తెరిచి, ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. సరిగ్గా విన్నావా అని ఆయన అడగలేదు. ఆ మాట తనని ఎవరూ ఎప్పుడూ అడగలేదు కదా.

లారీ దిగువకి మళ్ళాక మాత్రం ఇంకోటి అడిగాడు.

"మన వీధిలో పిచ్చుకలు ఉన్నాయా?"

"ఎక్కడికీ పోలేదు. తెల్లవారితే షెడ్డు రేకుల మీదే ఉంటాయి."

ఆయన రోడ్డువైపు తిరిగి, "పోనీలే," అన్నాడు.

ఆ సాయంత్రం లారీ సరుకుతో కొండ ఎక్కింది, నోరెత్తకుండా దిగింది. తర్వాతి రాకకి వియ్యంకుడి ముక్కు మీద కళ్ళజోడు కూడా ఉంది. షెడ్డు మూతపడలేదు. ఆయిలు పోసేది ఇప్పుడు రోడ్డు అంచున, చదునుగా ఉన్న చోట. డాక్టరుగారికి స్టెతస్కోపు దొరికిందని డ్రైవర్లు నవ్వుతారు. నవ్వినా, బండి తిప్పేముందు ఆమె కుట్టు పూర్తయ్యేదాకా ఆగుతారు. నేను మొన్న వెళ్ళేసరికి ఒక లారీ వెనక రెండు గోనెసంచులు పరిచి ఉన్నాయి. ఒకటి వినడానికి, ఒకటి అడగడానికి.